నీ సంగతి చూస్తాను

ఆ రోజు పొద్దున నిట్టూర్పు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్ళాలి, మేనేజరు గదిలోకి వెళ్ళాలి, ఒకే ఒక్క వాక్యం అప్పజెప్పాలి, బయటికి వచ్చేయాలి. "సార్, నా సంగతి కొంచెం చూడండి." అంతే. అందులో నోరు తిరగని మాట లేదు, వెతికినా ఒక ఒత్తు లేదు. పలక పట్టిన పిల్లవాడు కూడా గడగడా చెప్పేయగలడు. కానీ పిల్లవాడికి ప్రమోషన్ అక్కర్లేదు కాబట్టి చెప్పగలడు.

నిట్టూర్పు అన్నది ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, ఆఫీసు పెట్టింది. ఒక తాళాల కంపెనీలో, ఫిర్యాదుల సెక్షన్లో, పదహారేళ్ళుగా ఆయన పని ఫోనెత్తడం, తాళం బిగుసుకుపోయి వీధిలో నిలబడ్డవాళ్ళ గోడు వినడం. విన్నాక ఒక నిట్టూర్పు విడిచి, "ఒక చుక్క నూనె వేసి చూడండి" అని చెబుతాడు. నూనె ఇంట్లోపలే ఉందని అవతలివాళ్ళు అంటే ఇంకో నిట్టూర్పు విడుస్తాడు. ఊరందరి తలుపులూ తెరిపించే ఉద్యోగం చేస్తున్నా, తనకు మాత్రం ఏ తలుపూ తెరుచుకోదని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని కంపెనీ కూడా ఇన్నేళ్ళలో ఎన్నడూ వమ్ము చేయలేదు.

కిందటి నెల సెక్షన్ హెడ్ రిటైరయ్యాడు. కుర్చీ ఖాళీ అయింది. ఇక ఈ రోజు సాయంత్రంలోగా మేనేజరు హెడ్డాఫీసుకు ఒక పేరు చెప్పాలి. వినిపిస్తున్న పేర్లు రెండు. ఒకటి నిట్టూర్పుది. రెండోది కింద రిపేర్ల గదిలో పనిచేసే ఆయన బావమరిదిది. వాడికి ఆ ఉద్యోగం వేయించింది నిట్టూర్పే, పని నేర్పిందీ నిట్టూర్పే. ప్రమోషన్ రాకపోవడం ఆయనకు కొత్తేమీ కాదు, దానికి ఎప్పుడో అలవాటుపడ్డాడు. కానీ అది వాడికి వస్తే? లాగూ వేసుకునే రోజుల్లో సైకిలు ముందు కూర్చోబెట్టుకుని తిప్పినవాణ్ణి, వాడు గదిలోకి రాగానే లేచి నిలబడి "సార్" అనాలి. ఆ ఒక్క మాట తలచుకుంటే ఆయనకు గుండెల్లో రాయి పడ్డట్టుండేది.

"గొంతు కొంచెం పెంచండి. అప్పడుగుతున్నట్టుంది," అంది భార్య, అద్దం ముందు నిలబడి సాధన చేస్తున్న మొగుడితో.

"అప్పయితే ఇచ్చేవాళ్ళేమో. నాకు రాదే. నా మొహానికి రాదు."

"రాకపోతే అడిగి, రాలేదని ఏడుద్దాం. అడక్కుండానే ఏడవడం ఎందుకు? అడగందే అమ్మైనా పెట్టదు."

"నీకేం, మీ తమ్ముడికొచ్చినా నీకు సంతోషమేగా."

"వాడు నా తమ్ముడే. కాదన్లేదు. కానీ సాయంత్రం ఇంటికొచ్చి మొహం వేలాడేసుక్కూర్చునేది మీరు. మీతో కాపురం చేసేది నేను. ఏదీ, ఇంకోసారి చెప్పండి."

బస్సులో కూడా ఆయన ఆ వాక్యాన్నే గొణుక్కుంటూ కూర్చున్నాడు. "నా సంగతి కొంచెం చూడండి, నా సంగతి కొంచెం చూడండి." పక్కనున్న పెద్దమనిషి ముందు జరిగాడు, తర్వాత ఇంకొంచెం జరిగాడు, ఇక జరగడానికి చోటు లేక, "మీ సంగతేమిటండీ అసలు?" అని అడిగాడు. అంతే, వాక్యం చెదిరిపోయింది. ఎన్నిసార్లు సరిచేసుకున్నా "నా" ఉండాల్సిన చోటికి "మీ" వచ్చి కూర్చుంటోంది.

మేనేజరు గదిలో ఆయన తలెత్తలేదు. బల్ల మీదున్న గాజు పేపర్ వెయిటు మీద చూపు నిలిపి, ఊపిరి బిగబట్టి, ధైర్యమంతా కూడదీసుకుని అనేశాడు.

"సార్, మీ సంగతి చూద్దామని వచ్చాను."

అన్న తర్వాత చెవులకు వినిపించింది. చెవులు ఎప్పుడూ నోటి తర్వాతే మేలుకుంటాయి. మేనేజరు నెమ్మదిగా, ఒక్కో మాటా తూచినట్టు, ఎత్తూపల్లమూ లేని గొంతుతో అన్నాడు.

"నీ సంగతి... నేను... చూస్తాను."

నిట్టూర్పు తలుపు వైపు వెనక్కి నడుచుకుంటూ బయటపడ్డాడు. పేపర్ వెయిటుకు నమస్కారం పెట్టినట్టు కూడా గుర్తు.

సెక్షన్లో మొదట పట్టుకున్నది టైపిస్టు. ఆమెను అందరూ రేడియో అంటారు. కారణం చెప్పక్కర్లేదు. విషయమంతా విని, ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఆయన ఎలా అన్నారో అలాగే అనండి. అక్షరం పోకూడదు."

"నీ సంగతి నేను చూస్తాను."

"అయ్యో! మధ్యలో ‘నేను’ ఉందా?"

"ఉంది."

"‘నీ సంగతి చూస్తాను’ అంటే వరమండీ. ‘నీ సంగతి నేను చూస్తాను’ అంటే శాపం. ఆ ‘నేను’ ఊరికే రాదు. పోనీ ‘సంగతి’ అన్నారా, ‘సంగతీ’ అని సాగదీశారా? సాగదీస్తే ఇంకొకరితో పాటు మీదీ చూస్తారని. అది కొంత నయం."

"సాగదీయలేదు," అన్నాడు నిట్టూర్పు నీరసంగా.

ఎదుటి బల్ల దగ్గరున్న అకౌంటెంటు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మా మామగారు మా నాన్నతో ఇదే మాట అన్నారు. పదేళ్ళు మాటల్లేవు." దాంతో సెక్షన్ అంతా చుట్టూ మూగింది. ఒకరు కోపంగా అని చూశారు, ఒకరు ప్రేమగా అని చూశారు. ఒకరు ప్రేమగా అనబోతే ఇంకా భయంకరంగా వచ్చింది. "అలా కాదండీ, ఇలా," అంటూ నిట్టూర్పు చివరికి తానే లేచి, మేనేజరులాగా ఎత్తూపల్లమూ లేని గొంతుతో, గది మొత్తానికి వినబడేలా అన్నాడు. "నీ సంగతి నేను చూస్తాను!"

అదే సమయంలో ఆయన బల్ల మీద, ఈ సందడిలో ఎవరో ఎత్తి పక్కన పెట్టేసిన ఫోను రిసీవరుకు అవతల, తాళం పడిపోయి గుమ్మం బయట నిలబడ్డ ఒక గృహిణి, ఎవరైనా పలుకుతారేమోనని ఎదురు చూస్తోంది. పలికింది ఆ ఒక్క వాక్యమే. ఆవిడ టక్కున పెట్టేసింది. పెట్టేసిన చప్పుడు విన్నది ఒక్క రేడియో. "లైను కట్టయినట్టుంది," అని ఊరుకుంది, ఆమెకు అంతకన్నా ముఖ్యమైన వార్త చేతిలో ఉంది కనుక.

ఇంతలో నిట్టూర్పు జేబులో ఫోను మోగింది. భార్య.

"అడిగారా? ఏమన్నారు?"

"నీ సంగతి నేను చూస్తానన్నారు. కానీ అది..."

"నిజంగానా! నేను చెప్పలేదూ? నోరు తెరిచి అడిగితే ఎందుకివ్వరు? ఉండండి, తమ్ముడికి చెప్తాను."

"అది కాదే, ఆ ‘నేను’..." అనేలోపు ఆమె పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎంగేజ్. మళ్ళీ చేస్తే మళ్ళీ ఎంగేజ్. ఆమె అప్పటికే తమ్ముడి దగ్గర మొదలుపెట్టి, పక్కింటి పంతులమ్మ మీదుగా వీధి చివర దర్జీ దాకా వెళ్ళిపోయింది. మొగుడికి ఒక మంచి జరిగిందని నలుగురికి చెప్పుకునే అవకాశం ఆమెకు పెళ్ళయిన ఇన్నాళ్ళలో ఇదే మొదటిసారి రావడం. దాన్ని కాదనడానికి మనసెవరికి ఒప్పుతుంది?

కాసేపటికి బావమరిది మెట్లెక్కి వచ్చాడు. చేతులకు గ్రీజు, మొహం మీద నవ్వు. కానీ ఆ నవ్వు వెనక కొంచెం బాధ ఉంది. వాడికి మాత్రం కుర్చీ మీద ఆశ ఉండదా? అయినా అక్క ఫోన్ చేసి, "బావకి మాటిచ్చేశార్రా, నువ్వు మధ్యలో అడ్డు నిలబడకు" అంది. వాడు మనసులోనే ఆశకు తాళం వేసుకుని పైకొచ్చాడు.

"బావా, అక్క అంతా చెప్పింది. నేను తప్పుకుంటున్నా. మీ ఇద్దరి మధ్యలో నేనెందుకు?"

నిట్టూర్పుకు వినిపించింది వేరు. అంతా చెప్పిందట. అంటే ఆ ‘నేను’ సంగతి ఆమెకూ తెలిసిపోయిందన్నమాట. తప్పుకుంటున్నాడట. ఓడ మునిగేలోపు ఎలుకలు దిగిపోతాయంటారు. కానీ సొంత బావమరిది, తను సైకిలెక్కించి తిప్పినవాడు, ఇంత త్వరగా దిగిపోతాడా? ఏడుపొచ్చింది.

"తప్పుకోరా. మంచిపని. నాతో ఉంటే నీకూ అంటుకుంటుంది."

"అదేంటి బావా అలా అంటావ్? సంతోషంగా చెబుతుంటే."

"సంతోషంగానే కనబడుతున్నావ్లే."

వాడు చిన్నబుచ్చుకుని కిందికి దిగిపోయాడు. ఆ వెనకే ఇంటర్‌కమ్ మోగింది. నిట్టూర్పును మేనేజరు రమ్మంటున్నాడు.

ఈసారి మేనేజరు చెంపకు చేతిరుమాలు అదిమి పట్టుకుని ఉన్నాడు. కోపంతో చెంప మీద చెయ్యి పెట్టుకున్నాడనుకున్నాడు నిట్టూర్పు, చూపు మళ్ళీ పేపర్ వెయిటు మీదికి దించేశాడు.

"ఎవరో ఆవిడ ఫోన్ చేసింది. తాళం తెరుచుకోవట్లేదని చెబితే, మీ సెక్షన్లో ఎవరో ‘నీ సంగతి నేను చూస్తాను’ అని బెదిరించారట. ఎవరది?"

"నేనే సార్. కానీ ఆవిణ్ణి అనలేదు సార్."

"మరెవర్ని అన్నావ్?"

"మిమ్మల్ని సార్. అంటే మీరు నన్నన్నదే నేను వాళ్ళకి... మీలాగే చేసి చూపించి..."

మేనేజరు కళ్ళు మూసుకున్నాడు. ఆ కళ్ళు మూసుకోవడంలో నిట్టూర్పుకు తన ఉద్యోగం, ఇల్లు, భవిష్యత్తు అన్నీ ఒకదాని వెంట ఒకటి మూసుకుపోతున్నట్టు కనిపించాయి. ఇక ప్రమోషన్ సంగతి దేవుడెరుగు, ఉన్నది నిలబెట్టుకుంటే చాలు. బావమరిది పైన కూర్చుంటే కనీసం అక్క మొహం చూసైనా తనను పూర్తిగా తీసేయనివ్వడు కదా అని ఒక్క క్షణంలో లెక్క వేసుకున్నాడు. "సార్" అనాల్సి వస్తుంది. అందాం. రోడ్డున పడ్డవాడికి ఆ మాట అనే భాగ్యం కూడా ఉండదు.

"సార్, నాకా కుర్చీ వద్దు సార్. మా బావమరిదికే ఇచ్చేయండి. నన్ను నా మూలనే ఉండనివ్వండి చాలు."

మేనేజరు కళ్ళు తెరిచాడు. "వద్దా?"

"వద్దు సార్."

"పొద్దునేమో వచ్చావ్. ఇప్పుడేమో వద్దంటున్నావ్. బాగా ఆలోచించుకునే అంటున్నావా?"

తనను పరీక్షిస్తున్నాడనుకున్నాడు నిట్టూర్పు. ఆశ లేదని తేల్చిచెప్పాలి, నలుగురూ అనే మాటతో చెబితే ఇంకా గట్టిగా ఉంటుంది. "ఏ కుర్చీ అయితేనేం సార్? పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం!"

మేనేజరు మొహంలోంచి రంగు దిగిపోయింది. చేతిరుమాలు జారింది. దాని మీద రక్తపు మరక ఉంది. నిట్టూర్పు ఆ రోజు మొదటిసారి ఆ మొహాన్ని తేరిపార చూశాడు. ఎడమ చెంప బూరెలా పొంగి ఉంది, మూతి ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది.

"సరే. నీ ఇష్టం. వెళ్ళు."

బయట రేడియో ఎదురొచ్చింది. "ఏమండీ, తెలిసిందా? పాపం సార్ పొద్దున్నే పన్ను పీకించుకుని తిన్నగా ఆఫీసుకొచ్చారట. మత్తింజక్షన్ ఇచ్చారట, మూతి తిమ్మిరెక్కి మాట ఎటు పలికితే అటు పోతోందట. అందుకే ఆ గొంతు అలా ఉంది. ఎవరూ భయంతో అడగనే లేదు."

నిట్టూర్పు గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఈసారి నిట్టూర్పు కూడా రాలేదు.

భోజనాల తర్వాత బావమరిది చేతులు కడుక్కుని, తల దువ్వుకుని మేనేజరు గదిలోకి వెళ్ళడం అందరూ చూశారు. అన్న మాట ప్రకారం తప్పుకోవడానికి వెళ్ళాడు పాపం. నాలుగింటికి మేనేజరు బయటికొచ్చి, వాపు కొంచెం దిగిన మూతితో, కొత్త సెక్షన్ హెడ్‌గా ఆ బావమరిది పేరే చెప్పాడు. చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా నిట్టూర్పు కొట్టాడు. ఆగాలని ఆయనకు తోచలేదు, రేడియో చెయ్యి పట్టుకుని ఆపింది.

మేనేజరు ఆయన్ను లోపలికి పిలిచాడు. ఇప్పుడు ఆ మొహం చక్కగా కదులుతోంది. కోపం కోపంలాగా, బాధ బాధలాగా కనబడుతున్నాయి. నిట్టూర్పు దానికోసమే పొద్దుటినుంచి ఎదురు చూశాడు, కాస్త ఆలస్యమైంది.

"కూర్చో. నా మూతి వంకరపోవడం ఈ ఆఫీసులో అందరూ చూశారు. ఒక్కడూ ఏమిటని అడగలేదు. ఇంట్లోవాళ్ళు సరేసరి. నువ్వొక్కడివే వచ్చి ‘మీ సంగతి చూద్దామని వచ్చాను’ అన్నావ్. నిజం చెబుతున్నా, కళ్ళు చెమర్చాయి. అప్పుడే అనుకున్నాను, ఆ కుర్చీ నీకేనని. ఇంకొకరికి వదలకుండా నీ సంగతి నేనే చూడాలనుకున్నాను. నీతో చెప్పాను కూడా."

"చెప్పారు సార్," అన్నాడు నిట్టూర్పు.

"మధ్యాహ్నానికి ఏమైందయ్యా నీకు? నన్ను వెక్కిరిస్తూ అందరికీ నటించి చూపించావ్. నేను ఇస్తానన్న కుర్చీని రాయన్నావ్. పన్ను పోయినవాడి ముందు పళ్ళ సామెత చెప్పావ్."

"సార్, అది..."

"నీ బావమరిది కూడా వద్దనే అన్నాడు. కానీ వద్దనడంలో తేడా ఉంది. ‘మా బావ దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి, ఆయన మీద ఎలా కూర్చుంటాను సార్’ అన్నాడు. అంత వినయం ఉన్నవాణ్ణి ఎవరు వదులుకుంటారు? పైగా వాడికిమ్మని చెప్పింది నువ్వే. పెద్దవాడివి, నీ మాట తీసేయడం బాగుండదు కదా."

"ఇప్పుడేమైనా మార్చడానికి..."

"హెడ్డాఫీసుకు చెప్పేశాను."

ఇంటికి వెళ్ళే బస్సులో బావా బావమరుదులు పక్కపక్కన నిలబడ్డారు. ఒక సీటు ఖాళీ అయితే "నువ్వు కూర్చో" అంటే "నువ్వు కూర్చో" అనుకున్నారు. ఆ సందులో ఇంకెవరో కూర్చున్నారు. దాంతో ఇద్దరికీ కాస్త ప్రాణం కుదుటపడినట్టయింది. పొద్దున "తప్పుకుంటున్నా" అన్న మాటకు అర్థమేమిటో బావమరిది చెప్పుకొచ్చాడు. నిట్టూర్పు విన్నాడు. ఒకే రోజులో ఇద్దరు మనుషులు తనకు మంచి చేయబోతే ఇద్దర్నీ తనే తరిమేశాడని ఆయనకు అర్థమైంది. తలరాత బాగా లేదని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. తలరాత బాగానే ఉంది, చదువుకోవడమే తనకు రాలేదు.

వీధి మొదట్లోనే దర్జీ పట్టుకున్నాడు. "కంగ్రాట్స్ అండీ! పొద్దున్నే తెలిసింది."

"నేను కాదండీ. ఆయన," అన్నాడు నిట్టూర్పు, బావమరిదిని చూపిస్తూ.

పొద్దుటిదాకా "వాడు" అయినవాడు "ఆయన" కావడం బావమరిది విన్నాడు. చొక్కా మీద లేని దుమ్ము దులుపుకున్నాడు.

గుమ్మంలో భార్య నిలబడి ఉంది, పక్కన పంతులమ్మ. సంగతి రెండు ముక్కల్లో చెప్పాక పంతులమ్మ ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయింది. భార్య కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మొగుడి వైపు చూస్తే ఏడుపొస్తోంది, తమ్ముడి వైపు చూస్తే మొహం విప్పారుతోంది. ఆమె తప్పేమీ లేదు, ఎటు చూసినా తనవాళ్ళే.

"ఒరేయ్, ముందు లోపలికి రా," అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మీరూ రండి," అంది.

ముందు గదిలో ఉన్న ఒకే ఒక్క చేతుల కుర్చీలో నిట్టూర్పు అలవాటు కొద్దీ కూర్చోబోయి, మధ్యలో ఆగి, పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. బావమరిది చాలాసేపు నిలబడే ఉన్నాడు. చివరికి మొహమాటంగా చేతుల కుర్చీ అంచు మీద కూర్చుని, చేతులు నలుపుకున్నాడు.

"బావా, ఆఫీసులో నలుగురూ చూస్తుంటారు కాబట్టి తప్పదు కానీ... ఇంట్లో మాత్రం నువ్వు నన్ను సార్ అనకు. నాకేదోలా ఉంటుంది."

"అలాగే సార్," అన్నాడు నిట్టూర్పు.

పదహారేళ్ళ ఉద్యోగంలో ఆయన అంత త్వరగా నేర్చుకున్న పని అదొక్కటే.